పనికివచ్చే మాటలు: తుప్పు పట్టినదల్లా తుక్కు కాదు

మన సంఘపు కుటుంబాలలో పాత మోటారు సైకిలు లేని యిల్లు అరుదు. మైసూరు, బెంగుళూరు వైపున జావాలు, యెజ్డీలు. మద్రాసు వైపున బుల్లెట్లు. మరికొన్ని యిండ్లలో రాజదూతులు. కొన్ని తండ్రిగారు కొన్నవి, కొన్ని మామగారు వాడి వదలినవి. యింజను చెడితే మేస్త్రీ ఉన్నాడు, టైరు అరిగితే బజారు ఉన్నది. పెట్రోలు ట్యాంకు కారుతున్నదంటే మాత్రం యింటిల్లిపాదికీ దిగులే. "ఈ ఇనుప ట్యాంకు పారవేసి ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి పెట్టించుకొంటే పీడ విరగడౌతుంది గదా?" అని యీ మధ్య మమ్ములను అడిగినవారు ఒకరిద్దరు కారు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో ఔననిగాని కాదనిగాని జవాబు చెప్పేవారిని నమ్మవద్దని మా మనవి. ఏ ప్లాస్టిక్కు, ఏ బండికి, ఏ పెట్రోలుకు అనే మూడు సంగతులు తేలనిదే దానికి జవాబు లేదు.

ముందుగా మన బండ్ల పుట్టుపూర్వోత్తరాలు కొంచెము చెప్పుకొందాము. బుల్లెట్టు బండి యింగ్లండులో పుట్టినదే అయినా, మద్రాసు వద్ద తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ వెలసిన నాటినుండి అది మన దేశపు బండి అయిపోయినది. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961లో చెకొస్లొవేకియా నమూనాపై జావా బండ్లు తయారు చేయ మొదలుపెట్టినది. 1973లో వాటి పేరు యెజ్డీగా మారినది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడినది. అయినా ప్రతి సంవత్సరము జూలై నెల రెండవ ఆదివారమునాడు జావా దినమని పేరుపెట్టి ఆ బండ్లవారు నేటికీ గుంపులుగా బయలుదేరుతూనే ఉన్నారు. రాజదూత్ పోలండు దేశపు నమూనాపై మన దేశములో తయారైనది. ఈ మూడింటికీ ట్యాంకు ఉక్కు రేకుదే. జావా ట్యాంకు ప్రక్కల మెరిసే క్రోమియపు పూత, బుల్లెట్టు ట్యాంకుపైన కుంచెతో చేతిపని వాడు గీసిన బంగారు రంగు గీత, యివన్నీ ఉక్కు రేకుమీదనే నిలిచిన అందాలు.

ఉక్కు ట్యాంకును చేసే పద్ధతి యిది. సుమారు ఒక మిల్లీమీటరు మందముగల రేకును యంత్రములో అదిమి రెండు మూడు చిప్పలుగా చేస్తారు. ఆ చిప్పలను అంచుల వెంబడి వెల్డింగు చేసి కలుపుతారు. మూతకు మెడ, కుళాయికి మర, చట్రానికి బిగించే చెవులు, అన్నీ దానికే అతుకుతారు. ఈ రేకుగుండా పెట్రోలు చుక్కయినా, ఆవిరైనా బయటికి రాదు. ఎండకు పాడు కాదు. సొట్ట పడితే టింకరింగు చేసేవాడు లోపలినుండి తట్టి సరిచేస్తాడు. చిల్లి పడితే ఇత్తడి పోసి మూయవచ్చును. రంగు వేస్తే పట్టుకొంటుంది. ఇన్ని సుగుణాలకు ఒకటే శత్రువు, తుప్పు.

తుప్పు పైనుండి వచ్చేది తక్కువ, లోపలినుండి వచ్చేది ఎక్కువ. పెట్రోలు వాడకమయ్యే కొద్దీ మూతకున్న సన్నని రంధ్రము గుండా గాలి లోపలికి పోతుంది. గాలితోబాటు తేమ పోతుంది. రాత్రి చల్లబడగానే ఆ తేమ రేకు లోపలి గోడలమీద చెమటపట్టినట్లు పట్టి క్రిందికి జారుతుంది. నీరు పెట్రోలుకంటె బరువు గనుక అడుగున, కుళాయి దగ్గర మకాము వేస్తుంది. అందుచేతనే చాల ట్యాంకులకు మొదటి చిల్లి అడుగుననే పడుతుంది. సగము ఖాళీగా నెలల తరబడి నిలిపియుంచిన బండికే యీ జబ్బు ఎక్కువ. యానాములోను, గోపాలపురములోను, మద్రాసులోను సముద్రపు గాలి తగిలే యిండ్లవారికి యీ మాట మేము కొత్తగా చెప్పనక్కరలేదు. జావా, రాజదూతులవంటి బండ్లలో పెట్రోలులోనే నూనె కలిపి పోస్తారు గనుక ఆ నూనె పలుచని పొరగా లోపల అంటుకొని కొంత కాపాడుతుంది. బుల్లెట్టుకు ఆ భాగ్యము లేదు.

తుప్పు మాట వచ్చినది గనుక ఒక ముచ్చట చెప్పవలెను. మేమెరిగిన మైసూరు కుటుంబములోనికి గుంటూరు వైపునుండి కొత్త కోడలు వచ్చినది. ఒకనాడు మామగారు ఊరిలో లేని సమయాన మేస్త్రీ వచ్చి, బండి ట్యాంకు విప్పి చూచి, "తుక్కు హిడిదిదె అమ్మా" అన్నాడు. కన్నడములో తుక్కు అంటే తుప్పు. మన తెలుగులో తుక్కు అంటే పాత సామాన్లవాడికి అమ్మివేసే సరుకు. ఆ పిల్ల నిజముగానే బెంబేలెత్తి, "అత్తయ్యా, మామయ్యగారి బండి తుక్కు క్రిందికి పోయిందట, అమ్మేయమంటున్నాడు" అని లోపలికి పరుగెత్తినది. అత్తగారు నవ్వి, "వాడు చెప్పినది తుప్పే, అమ్మడూ. తుప్పు పట్టినదల్లా తుక్కు అయితే మన యింట్లో తిరగలి రోలు తప్ప మిగిలేదేమున్నది?" అన్నారట. ఆ ట్యాంకు శుభ్రపడి నేటికీ ఆ బండిమీదనే ఉన్నది.

అయితే పాత రోజులలో లేని చిక్కు ఒకటి యిప్పుడు వచ్చినది. అది పెట్రోలులో కలుపుతున్న ఎథనాలు, అనగా చెరకు, మొక్కజొన్న, నూకలు మొదలైన వాటినుండి తీసిన సారాయి వంటి ద్రవము. 2003లో కొన్ని రాష్ట్రాలలో నూటికి 5 పాళ్ళతో మొదలైన యీ కలయిక 2022 జూను నాటికి 10 పాళ్ళకు చేరినది. 2023 ఫిబ్రవరిలో 20 పాళ్ళ పెట్రోలును బెంగుళూరులో ప్రారంభించారు. 2025 నాటికి బంకులలో సామాన్యముగా దొరికేది అదే అయినది. విదేశపు చమురుకు మనము పోసే డబ్బు తగ్గవలెనని, రైతుకు గిట్టుబాటు కావలెనని చేసిన పని యిది. దానిని మేము ఆక్షేపించబోము. కాని 1961 నాటి బండిని తయారుచేసినవారు దీనిని కలగనలేదు గదా. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లలోనే దీనికి తట్టుకొనే సామాను వాడుతున్నారు. పాత బండ్లలో కొన్ని రబ్బరు వస్తువులు, వాషర్లు సుమారు 20,000 నుండి 30,000 కిలోమీటర్లు తిరిగిన తర్వాత మార్చవలసి రావచ్చునని 2025 ఆగస్టులో ప్రభుత్వమువారే చెప్పియున్నారు.

ఎథనాలుకు రెండు స్వభావాలున్నవి. ఒకటి, అది నీటిని తనలో కలుపుకొంటుంది. కొంత మేరకు కలిపి ఉంచుకొని, మితిమీరితే నీటితో సహా పెట్రోలునుండి విడిపోయి అడుగున పేరుకొంటుంది. ఆ అడుగు ద్రవము ఉక్కు రేకును వేగముగా తినివేస్తుంది. రెండవది, అది కొన్ని రకాల రబ్బరును, ప్లాస్టిక్కును మెత్తబరచుతుంది, ఉబ్బిస్తుంది. మొదటి గుణము ఉక్కు ట్యాంకుకు చేటు, రెండవ గుణము ప్లాస్టిక్ ట్యాంకుకు చేటు. ఇనుము వదలి ప్లాస్టిక్కు పట్టుకొన్నంత మాత్రాన గండము గడిచినట్లు కాదని యిందుచేతనే అంటున్నాము.

ఇక ప్లాస్టిక్కు సంగతి. ప్లాస్టిక్ అనేది ఒక్క వస్తువు పేరు కాదు. పప్పు అన్నంత మాత్రాన కందిపప్పు వేయవలసిన చోట శనగపప్పు వేసి సాంబారు కాచము గదా. మోటారు సైకిలు ట్యాంకులకు వాడినవి ముఖ్యముగా మూడు జాతులు.

మొదటిది ఫైబర్ గ్లాసు. గాజు నారను పాలియెస్టరు బంకతో తడిపి అచ్చులో పొరలు పొరలుగా వేస్తారు. యంత్రాలక్కరలేదు గనుక చిన్న షెడ్డులోనైనా చేయవచ్చును. 1960 తర్వాత పందెపు బండ్లవారు దీనిని మోజుగా వాడారు. 1968లో వచ్చిన నార్టన్ కమాండో అనే బ్రిటిషు బండికి మొదట ఫైబర్ గ్లాసు ట్యాంకే ఉండేది, తర్వాత ఉక్కుకు మార్చారు. ప్రమాదములో యిది సొట్ట పడదు, పగులుతుంది. పగిలితే పెట్రోలు ఒక్కమారుగా ఒలుకుతుంది. ఎథనాలు కలిసిన పెట్రోలులో ఆ బంక మెత్తబడి కరగుతుంది. కరగిన బంక కార్బొరేటరులోనికి దిగి జిగురుగా గడ్డకడుతుంది.

రెండవది నైలాను జాతి. ఇది చూపుకు గట్టిది, రంగు బాగా పట్టేది. ఇటలీ దేశపు డుకాటి కంపెనీవారు 2000 తర్వాతి దశకములో కొన్ని బండ్లకు దీనితో చేసిన ట్యాంకులు పెట్టారు. ఎథనాలు పెట్రోలు వాడే అమెరికాలో ఆ ట్యాంకులు తేమను, ఎథనాలును పీల్చుకొని ఉబ్బినవి. ఉబ్బిన ట్యాంకు చట్రమునకు సరిపడక యజమానులు కోర్టుకెక్కారు, చివరకు రాజీ కుదిరినది. అంత పేరుగల కంపెనీ యింజనీర్లకే యీ చిక్కు ఎదురైనదంటే, వీధి చివర అచ్చు పోసేవాడి మాటమీద ఎంతవరకు నమ్మవచ్చునో పాఠకులే ఆలోచించుకొందురు గాక.

మూడవది పాలిథీను. మన నీళ్ళ డ్రమ్ములు, సింటెక్సు తొట్లు యీ జాతివే. ఎథనాలుకు యిది చాలావరకు తట్టుకొంటుంది. తుప్పు పట్టదు. బండి పడితే వంగి మళ్ళీ నిలబడుతుంది. అందుచేతనే గుట్టలలో, ఎడారులలో పరుగెత్తించే పందెపు బండ్లకు 1970 తర్వాత యిదే వచ్చినది. ఇటలీలో 1973లో స్థాపించిన అచెర్బిస్ కంపెనీ ఆ ట్యాంకులకు పేరుపడినది. మరి దోషాలేమి? ఉక్కుగుండా రాని పెట్రోలు ఆవిరి పాలిథీను గోడగుండా మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. ఆ ఆవిరివల్లనే దానిమీద అంటించిన బొమ్మలు బొబ్బలెక్కుతవి, రంగు పెచ్చులూడుతుంది. ఆవిరి రాకుండా కార్ల ట్యాంకులలో మధ్య వేరొక పొర వేస్తారు. అది పెద్ద ఫ్యాక్టరీల పని. యూరపులో కార్ల ప్లాస్టిక్ ట్యాంకును మంటపైన పెట్టి పరీక్షించే నిబంధన కూడ ఉన్నది. "కార్లకు ప్లాస్టిక్ ట్యాంకు లేదా?" అని వాదించేవారు యీ పొరలు, యీ పరీక్షలు కూడ లెక్కలోనికి తీసికొనవలెను. పాలిథీను పగిలితే ఏ జిగురూ అంటదు. వేడి గాలితో కరగించి అతుకవలెను, ఆ పని చక్కగా తెలిసినవారు కొద్దిమంది.

తేలిక అనే మాట కూడ కొంచెము తూచి చూడవలెను. ఒకే ఘనపరిమాణముగల ఉక్కు పాలిథీనుకంటె ఎనిమిది రెట్లు బరువు. కాని ప్లాస్టిక్ గోడను నాలుగైదు రెట్లు మందముగా పోస్తారు. తీరా మిగిలేది కిలో రెండు కిలోలు. పది లీటర్ల పెట్రోలే ఏడున్నర కిలోల వరకు తూగుతుంది. పందెములో పరుగెత్తేవాడికి ఆ రెండు కిలోలు ముఖ్యము. ఆఫీసుకు, కూరల బజారుకు పోయే మనకు వాటితో పనేమున్నది?

మేమెరిగిన మరొక యింటి సంగతి చెప్పితే యిది యింకా విశదమౌతుంది. ఆ యింటి తండ్రిగారు పోయి అయిదేండ్లైనది. ఆయన వాడిన యెజ్డీని కుమారుడు మళ్ళీ రోడ్డుమీదికి తేవలెనని సంకల్పించాడు. ట్యాంకు అడుగున రెండు సూదిమొన చిల్లులు. ఒక షెడ్డువాడు, దీనిని బాగుచేయడము దండుగ, అచ్చు యిలాంటిదే ఫైబరుతో చేసి యిస్తానన్నాడు. పాతది తూకానికి పుచ్చుకొంటానని కూడ అన్నాడు. తల్లిగారు మాత్రము, "కొత్తది పెట్టుకో నాయనా, కాని నాన్నగారి చేతులు ఆనిన వస్తువు అమ్మవద్దు" అని దానిని అటకమీద పెట్టించారు. నాలుగు నెలలు తిరగకముందే కొత్త ట్యాంకు మూత చుట్టూ జిగటగా మారినది. బండి నడిరోడ్డుమీద ఆగిపోయినది. కార్బొరేటరు విప్పితే లోపల బెల్లపు పాకమువంటి బంక. ఆఖరుకు అటకమీది ట్యాంకే దిగివచ్చినది. నిదానస్థుడైన వేరొక మేస్త్రీ ఆ చిల్లులు మూసి యిచ్చాడు. తల్లిగారు ఆ మాట అనియుండకపోతే ఆ ట్యాంకు ఏనాడో కొలిమి పాలై ఉండేది. ఫ్యాక్టరీ మూతపడిన బండికి అసలు ట్యాంకు పోతే మళ్ళీ దొరకడము ఎంత కష్టమో బజారు తిరిగినవారికే తెలుసు.

చట్టము సంగతి కూడ ఒక ముక్క. 1988 మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను ప్రకారము, కంపెనీవారు నిర్ణయించిన వివరాలకు భిన్నముగా, రిజిస్ట్రేషను పత్రములోని సంగతులు మారిపోయేటట్లు, బండిని మార్చరాదు. 15 సంవత్సరాలు నిండిన సొంత బండికి రిజిస్ట్రేషను తిరిగి చేయించి, ఆపైన 5 సంవత్సరాలకొకమారు పొడిగించుకొనవలెను. ఆ తనిఖీలో బండి ఎంత అసలు రూపులో ఉంటే అంత నిశ్చింత.

ఇక ఉక్కు ట్యాంకును నిలుపుకొనే ఉపాయాలు.

బండి రోజూ తిరిగేదైతే ట్యాంకును సాధ్యమైనంతవరకు నిండుగా ఉంచవలెను. గాలికి చోటు లేకపోతే తేమకూ చోటు లేదు. నెలల తరబడి నిలిపే బండి అయితే యిప్పటి పెట్రోలును లోపల నిలువ ఉంచరాదు. పూర్తిగా తీసివేసి, ఆరబెట్టి, కొంచెము ఇంజను నూనె పోసి నలువైపులా తిప్పి, మూత బిగించవలెను.

ఏడాదికొకమారు కుళాయినుండి కొంత పెట్రోలు గాజు సీసాలోనికి, ఆరుబయట, పొయ్యికి దూరముగా, పట్టి చూడవలెను. అడుగున వేరే పొర కనబడినా, ఎర్రటి నలుసు కనబడినా శుభ్రపరచే సమయము వచ్చినట్లు.

లోపల తుప్పు కొంచెముగా ఉంటే ట్యాంకు విప్పి, కుళాయి తీసి, నీటితో బాగా కడిగి, గుప్పెడు చిన్న నట్లు వేసి కుదుపవలెను. తర్వాత గోరువెచ్చని నీటిలో నిమ్మ ఉప్పు కరగించి పోసి ఒక రాత్రి ఉంచవలెను. మరునాడు పారబోసి, వంటసోడా నీటితో కడిగి, మంచి నీటితో మళ్ళీ కడిగి, వెంటనే ఎండబెట్టవలెను. ఆలస్యము చేస్తే గంటలోనే మళ్ళీ ఎర్రబడుతుంది. లోపల పూత వేయిస్తామనేవారిని, ఆ పూత ఎథనాలుకు తట్టుకొనేదేనా అని తప్పక అడుగవలెను. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాయకూడదని మన యిండ్లలో చిన్నపిల్లలకు కూడ తెలుసు. ఇదీ ఆ వ్యవహారమే.

దారిలో చిన్న చిల్లి కనబడితే బట్టల సబ్బు ముక్క గట్టిగా రుద్ది మూయవచ్చును. అది యిల్లు చేరేవరకే.

పాత బండి కొనబోయేవారు జేబులో చిన్న అయస్కాంతము పెట్టుకొని పోవలెను. ట్యాంకుమీద నలుప్రక్కల ఆనించి చూస్తే రేకు ఎక్కడ, దళసరి లప్పము ఎక్కడ, ప్లాస్టిక్ ఎక్కడ అనేది అదే చెప్పుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది వెల్డింగు విషయము. పెట్రోలు పారబోసిన ట్యాంకు ఖాళీ అని భ్రమపడరాదు. దాని నిండా ఆవిరి ఉంటుంది. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి ఒకటిన్నర మొదలు ఏడున్నర పాళ్ళ వరకు ఉంటే నిప్పురవ్వ తగిలితే చాలు, పేలుతుంది. నిండు ట్యాంకుకంటె ఖాళీ ట్యాంకే యమపాశము. చేయి తిరిగిన మేస్త్రీ ముందు పలుమార్లు సబ్బు నీటితో కడిగి, అతుకు చోటు మాత్రము వదలి మిగిలిన భాగమంతా నీటితో నింపి, అప్పుడుగాని మంట చూపడు. "ఏం కాదండీ, అయిదు నిమిషాల పని" అనేవాడి చేతికి ట్యాంకు యివ్వవద్దు. పది రూపాయలు ఆదా అవుతుందని, ప్రక్కన నిలబడిన పిల్లవాడి కండ్లు పణముగా పెట్టలేము గదా.

కాబట్టి మా అభిప్రాయమిది. మొదటినుండి ప్లాస్టిక్ ట్యాంకుతోనే కంపెనీవారు తయారుచేసిన బండి అయితే, కంపెనీవారి ట్యాంకునే వాడుకొని, ఉబ్బినదా, బిగింపుల దగ్గర పగుళ్ళున్నవా అని కనిపెట్టుచుండవలెను. ఉక్కు ట్యాంకుతో పుట్టిన పాత బండికి ఉక్కు ట్యాంకే తగినది. రేకు చాలచోట్ల జల్లెడయిపోయి, అసలుది ఎంత వెదకినా దొరకనప్పుడు కొత్త ఉక్కు రేకుతో అదే కొలతలకు చేయించుకొనడము రెండవ దారి. ఫైబర్ గ్లాసు ట్యాంకు మాత్రము నేటి పెట్రోలుకు ఏ దారిలోనూ పనికిరాదు.

ఈ ఆదివారము తీరిక చేసికొని మీ బండి మూత తీసి, పగటి వెలుతురులో ఒక్కసారి లోపలికి తొంగి చూడండి. అగ్గిపుల్ల వెలిగించి మాత్రము చూడవద్దు.

వచ్చే నెల వానకాలములో ఇంటి కరెంటు మీటరు, ఎర్తు తీగల జాగ్రత్తలను గురించి ముచ్చటించుకొందాము.